మొదటిసారి స్కాచ్: బావని ఏ సీసా తెమ్మనాలి?

కోనసీమ కుర్రోడు:
మా బావ సంక్రాంతికి దుబాయ్ నుంచి వస్తున్నాడు. డ్యూటీఫ్రీలో ఏం తెమ్మంటావని అడిగాడు. నాకు బీరు తప్ప ఏదీ తెలీదండి. రెండు లీటర్లకి మించి తేకూడదట. పేర్లు చెప్పండి.

ఎడారి ఓడ:
తమ్ముడూ, గ్లెన్‌లివెట్ 12 గానీ గ్లెన్‌ఫిడిక్ 12 గానీ చెప్పు. రెండూ స్కాట్లాండ్‌లోని స్పేసైడ్ ప్రాంతపు సింగిల్ మాల్ట్‌లే, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో చేసిన విస్కీలు. ఆపిల్, బేరిపండు వాసన వస్తుంది, గొంతులో గుచ్చుకోదు. కాస్త పొగ రుచి కావాలంటే జానీ వాకర్ బ్లాక్ లేబుల్. లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ జోలికి ఇప్పుడే పోకు. అవి స్కాట్లాండ్‌లోనే ఐలా దీవివి. అక్కడ పీట్ అనే బురదమట్టిని ఎండబెట్టి కాల్చి, ఆ పొగతో బార్లీ ఆరబెడతారు. నాకు ప్రాణం గానీ, కొత్తవాడు వాసన చూస్తే టింక్చర్ పోశారనుకుంటాడు.
ముప్పై ఎమ్మెల్ పోసుకో, పైన నాలుగు చుక్కల నీళ్లు. ఐసు, సోడా, కూల్‌డ్రింకు వద్దు.

రేవు పక్క:
దుబాయ్ దాకా ఎందుకు, యానాం లేదూ?

కోనసీమ కుర్రోడు:
బ్రిడ్జి మీద చెకింగ్‌లో దొరికితే మీరొస్తారా అండి?

చెరువుగట్టు:
నాలుగు చుక్కలేంటండీ, కంట్లో వేసుకునే మందా? పీపాలోంచి తీసినప్పుడు ఆల్కహాల్ యాభై, అరవై శాతం ఉంటుంది. నీళ్లు కలిపే నలభైకి దించి సీసాల్లో పోస్తారు. వాళ్లు కలిపితే కళ, మేం కలిపితే పాపమా?

ఎడారి ఓడ:
నీళ్లు వద్దని నేను అనలేదు. కూల్‌డ్రింకు వద్దన్నాను. మళ్లీ చదవండి.

చెరువుగట్టు:
సోడా కూడా వద్దన్నారు. మీరే మళ్లీ చదవండి.

గోదారి గట్టు:
మా మావయ్య బీరువాలో 12 ఏళ్ల సీసా ఉంది. కొని పదేళ్లయింది. ఇప్పుడది 22 ఏళ్లదే కదా?

ఎడారి ఓడ:
కాదు. వయసు పెరిగేది ఓక్ చెక్క పీపాలోనే, గాజుసీసాలో కాదు. 12 అంటే అందులో కలిపిన అన్నిటికన్నా చిన్నదాని వయసు. స్కాచ్ అనిపించుకోవాలంటే స్కాట్లాండ్‌లోనే కనీసం 3 ఏళ్లు పీపాలో ఉండాలి. పీపాలో ఏటా రెండు శాతం దాకా ఆవిరైపోతుంది కూడా. అన్నేళ్లు కాచుకున్నదాంట్లో థమ్సప్ పోస్తే ఎలా ఉంటుందో నన్నడగండి. నాన్నగారి కోసం రెండు జీతాల్లోంచి మిగిల్చి 18 ఏళ్ల సీసా తెచ్చాను. మా తమ్ముడు పెళ్లివారి ముందు జగ్గులో ఒంపి, పైన థమ్సప్ పోసి తిప్పాడు. నాన్నగారు ఒక్క గుక్కైనా తాగలేదు.

రేవు పక్క:
అయ్యో.

చెరువుగట్టు:
ఆ తమ్ముడెవరో నాకు తెలీదు. నేనూ ఒకరికి తమ్ముణ్ణే. మా అన్నయ్య ఏడాదికోసారి సీసా తెస్తాడు, గ్లాసు ఎలా పట్టుకోవాలో చెప్తాడు, పదిహేను రోజులకి ఫ్లైటెక్కుతాడు. రాత్రి రెండింటికి కరెంటు పోయి చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలతాయి. అప్పుడు జనరేటర్ దగ్గరికి పరిగెత్తేది నేను. నాన్నకి డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు కారు నడిపింది నేను. ఆయన తాగలేదని మీరంటున్నారు. అప్పటికి డాక్టరు తాగొచ్చన్నాడో లేదో అడిగారా?

ఎడారి ఓడ:
మా నాన్నగారికి డయాలసిస్ లేదు. మీ ఇల్లు వేరు, మా ఇల్లు వేరు.

చెరువుగట్టు:
బీపీ?

ఎడారి ఓడ:
ఉంది. నాకు తర్వాత చెప్పారు.

గోదారి గట్టు:
ఇంతకీ మా మావయ్య సీసా తెరవమంటారా?

ఎడారి ఓడ:
తెరవండి. కార్క్ ఎండిపోయి ఉంటుంది, మెల్లగా తిప్పుతూ తీయండి. విరిగితే టీ వడకట్టే జల్లెడలో పోసుకోండి. చెరువుగట్టు గారూ, నేను అక్కడ లేను, నిజమే. థమ్సప్ మాత్రం తప్పే.

చెరువుగట్టు:
థమ్సప్ తప్పే. సోడా కాదు.

కోనసీమ కుర్రోడు:
బావ డ్యూటీఫ్రీలో నించుని ఫోన్ చేశాడండి. గ్లెన్‌లివెట్ ఒకటి, బ్లాక్ లేబుల్ ఒకటి చెప్పేశాను. సోడా ఇక్కడే కొనుక్కుంటాం.