అప్‌డేట్: చేవదేలిన దుంగల కోసం చివరికి తీసుకున్న చైన్‌సా

దాదాపు 30 అంగుళాల మందమున్న గట్టి కలప దుంగలను తక్కువ ఖర్చుతో కోయడానికి ఏ చైన్‌సా (గొలుసు పళ్లతో కోసే యంత్ర రంపం) మంచిదని ఇదివరకు అడిగాను. పెద్ద బార్ (చైన్ తిరిగే పొడవాటి లోహపు పట్టీ) ఉన్న చవక రకం కొత్త యంత్రం వైపే అప్పట్లో నా మనసు మొగ్గింది కానీ, మీ సలహా విని, 60 సీసీ ఇంజన్, 20 అంగుళాల బార్ ఉన్న వాడిన యంత్రాన్ని తీసుకున్నాను. కొనే ముందు సైలెన్సర్ విప్పించి, పిస్టన్ మీద నిలువు గీతలు (ఇంజన్ దెబ్బతిందనడానికి గుర్తు) లేవని టార్చి వెలుతురులో చూసుకున్నాను; ఆ ఒక్క పరీక్షే నాకు ధైర్యమిచ్చింది. బార్ పొట్టిదైనా, దుంగను రెండు వైపుల నుంచీ కోస్తే సరిపోతోంది.

అసలు తేడా చైన్‌లోనే ఉందని ఇప్పుడు అర్థమైంది. పదును ఉన్నంతసేపు పొట్టు చిన్న చిన్న పెచ్చులుగా రాలుతుంది, మొద్దుబారగానే పిండిలా మారుతుంది. అది కనిపించిన వెంటనే ఆపి, గుండ్రటి ఆకురాయితో ప్రతి పంటినీ ఒకే కోణంలో, సమానంగా రాస్తున్నాను. పెట్రోలు లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుతున్నాను. హెల్మెట్, కాళ్లకు రక్షణ తొడుగు కొనడానికి మాత్రం వెనకాడలేదు. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.