బ్రిటన్ ఎన్నికలు: టోరీలకి ఎన్ని, లేబర్‌కి ఎన్ని?

నూనీటన్ శీను (2015 మే 4)
ఆఫీసులో పందెం పెట్టారు. మనిషికి రెండు పౌండ్లు. టోరీలకి (అంటే కన్జర్వేటివ్ పార్టీకి) ఎన్ని సీట్లు, లేబర్ పార్టీకి ఎన్ని అనేది చీటీ మీద రాసి బుధవారం సాయంత్రంలోగా కాఫీ డబ్బాలో వెయ్యాలి. దగ్గరగా రాసినవాళ్ళకి డబ్బా మొత్తం.

ఏ సర్వే చూసినా ఇద్దరికీ 33, 34 శాతమే. చెరో 275 రాసి పారేద్దామనుకున్నా. కానీ మా నూనీటన్ నియోజకవర్గం చూస్తే అనుమానం వస్తోంది. 2010లో టోరీలు లేబర్ దగ్గర్నుంచి 2,069 ఓట్లతో లాక్కున్న సీటిది. తలుపు సందులోంచి రోజూ కరపత్రాలే, నిన్న ఒక్కరోజే పదకొండు. పక్కింటి పెద్దాయన పుట్టిందగ్గర్నుంచీ లేబర్ మనిషినంటాడు. లేబర్ నాయకుడు మిలిబాండ్ పేరెత్తితే మాత్రం కంచెకి రంగేసుకుంటూ మాట మార్చేస్తాడు. నిన్న ఆ మిలిబాండ్ హామీలన్నీ ఎనిమిదడుగుల రాయి మీద చెక్కించి చూపించాడు కదా, మనవాళ్ళ శిలాఫలకాలే గుర్తొచ్చాయి.

కామన్వెల్త్ వాళ్ళం కాబట్టి భారత పాస్‌పోర్ట్ మీదే నాకూ ఓటుంది, ఇక్కడ ఇదే మొదటిసారి. అది నేను చూసుకుంటా. చీటీలో ఏం రాయమంటారు?

గ్లాస్గో మాధవి
చెరి సమానం మాత్రం రాయకండి శీను గారూ. పోయినసారి స్కాట్లాండ్‌లో 59 సీట్లకి 41 లేబర్‌వే. ఇప్పుడు మా వీధిలో ఏ కిటికీ చూసినా పసుపు పోస్టరే. పసుపు అనగానే మన పార్టీ అనుకునేరు, స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్ఎన్‌పీ)ది. లేబర్‌కి ఇక్కడ అయిదు దక్కితే గొప్ప. ఆ గుంట పూడ్చుకోవాలంటే మీ నూనీటన్ లాంటివి బోలెడు గెలవాలి.

లెస్టర్ డాక్టర్
బాబూ శీనూ, 1992లో ఎన్నికల రాత్రి నేను వార్డు డ్యూటీలో ఉన్నాను. సర్వేలన్నీ పోటీ హోరాహోరీ అన్నాయి, చాలావాటిలో లేబర్‌దే కాస్త పైచేయి. మా రోగుల్లో ఒక్కరూ టోరీకి వేశామని ఒప్పుకోలేదు. తెల్లారేసరికి టోరీ నాయకుడు జాన్ మేజర్‌కి 336 సీట్లు! ఎవరికి వేస్తారని అడిగితే నిజం రాదయ్యా. ప్రధానిగా ఎవరు నయమని అడిగితే వస్తుంది. ఆ ప్రశ్నకి ఇవాళ్టి సర్వేల్లో టోరీ ప్రధాని కామెరాన్ బాగా ముందున్నాడు. టోరీలకి 305 రాయి, తప్పితే నన్ను తిట్టుకో.

రెడింగ్ రవి
డాక్టరు గారూ, 1992 దెబ్బ తిన్నాకే సర్వేలవాళ్ళు పద్ధతులు మార్చుకున్నారు. ఇన్ని కంపెనీలూ ఒకేసారి, ఒకేవైపు తప్పుతాయా? లేబర్ 280, టోరీ 270. కావాలంటే రాసిస్తా.

నూనీటన్ శీను (మే 8, రాత్రి)
కళ్ళు మండుతున్నాయి, అయినా చెప్పాలి. నిన్న సాయంత్రం చర్చి హాల్లో దారంతో కట్టేసిన పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టొచ్చా. ఐడీ అడగలేదు, వేలికి సిరా లేదు. ఓటేసినట్టు నాకే నమ్మకం కుదరలేదు.

పదింటికి ఎగ్జిట్ పోల్: టోరీ 316, లేబర్ 239. ఇదే నిజమైతే నా టోపీ తింటానని టీవీలో లిబరల్ డెమొక్రాట్ పార్టీ మాజీ నాయకుడు పాడీ యాష్‌డౌన్ అన్నాడు. మనవాళ్ళైతే మీసం గొరిగించుకుంటామనేవాళ్ళు. రాత్రి రెండు కావస్తుండగా మా ఊరి ఫలితం వచ్చింది. టోరీ మెజారిటీ తగ్గడం మాట అటుంచి, 4,882కి పెరిగింది! టీవీలో లేబర్ వాళ్ళ మొహాలు చూడాలి. చివరికి ఎగ్జిట్ పోల్ కూడా తక్కువే చెప్పినట్టయింది: టోరీ 331, లేబర్ 232. మాధవి గారూ, మీ దగ్గర లేబర్‌కి మిగిలింది ఒక్కటే, అయిదు కూడా కాదు.

డాక్టరు గారి మాట విని 305 రాశాను. డబ్బా మాత్రం 320 రాసిన రిసెప్షన్ ఆవిడకి పోయింది, ఇరవై ఎనిమిది పౌండ్లు. పొద్దున పక్కింటాయన కంచె దగ్గర కనబడితే వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

రవి గారూ, టోపీ ఎప్పుడు తింటారు?

రెడింగ్ రవి
ఆవకాయ ఉంటే పంపండి. టోపీ రెడీగానే ఉంది.