లైట్లన్నీ వెలిగాయి, ఫ్లూక్‌లో ఫెయిల్: కుర్రాళ్లకు ఏం నేర్పాలి?

కొండాపూర్_కేబులింగ్:
నమస్తే. నెట్‌వర్క్ కేబులింగ్ పనులు చేయించే చిన్న కాంట్రాక్టర్‌ని. ఇళ్ల వైరింగ్ చేసిన ముగ్గురు కుర్రాళ్లను మూడు నెలల కింద పెట్టుకున్నాను. పోయిన వారం గచ్చిబౌలిలో ఒక ఆఫీసు ఫ్లోర్‌కి 64 క్యాట్ 6 పాయింట్లు ఇచ్చాం. మా ఎల్‌ఈడీ టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. క్లయింట్ మనిషి వచ్చి ఫ్లూక్ (కేబుల్‌లో సిగ్నల్ ఎంత బాగా పోతుందో కొలిచే టెస్టర్) పెడితే 19 ఫెయిల్. అందులో 11 సీలింగ్‌లో వైఫై యాక్సెస్ పాయింట్లవి, రెండు చివర్లా ప్లగ్గే. మిగతా 8 టేబుళ్ల కింది జాక్‌లు. ఫాల్స్ సీలింగ్ మూసేశారు, బిల్లు ఆగింది, ఒకటే టెన్షన్. అమీర్‌పేటలో నేను కనుక్కున్న చోటల్లా స్విచ్, రౌటర్ కోర్సులే, వైరు పట్టుకోవడం నేర్పేవాళ్లు దొరకలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రాగితీగ:
అన్నా, ఆ 11 పాయింట్లకి ప్లగ్గులు ఒక్కడే కొట్టి ఉంటాడు, అడిగి చూడండి. ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత అని వరసగా పెట్టేసి ఉంటాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రెండు చివర్లా అదే తప్పు కాబట్టి లైట్లు దాన్ని పట్టుకోలేవు. 3లో పోయిన కరెంటు అవతల 3లో తేలిందా, అంతే వాటికి కావాల్సింది. కానీ 3, 6 పిన్నులు ఒకే జత కావాలి. బి వరసలో (టీ568బి, ప్లగ్గులో తీగల రంగులకి ఉన్న స్టాండర్డ్ వరస) గ్రీన్ జత విడిపోయి 3లో ఒకటి, 6లో ఒకటి కూర్చుంటాయి, మధ్యలో బ్లూ. మీవాడు 3ని ఒక జతలోంచి, 6ని ఇంకో జతలోంచి తీశాడు. ఇక ఒక్కో జతలో రెండు తీగలకీ వేసిన ఆ మెలికలు దేనికీ పనికిరావు, పక్క జత సిగ్నల్ ఇందులోకి కారుతుంది. సీలింగ్ విప్పకండి, ముందు ప్లగ్గులు కోసి మళ్లీ కొట్టండి.

జాక్‌ల సంగతి వేరు. ఇంటి వైరింగ్ చేసిన చెయ్యి జాకెట్ రెండంగుళాలు ఒలిచేస్తుంది. ఇక్కడ మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లు దాటకూడదు, చిటికెన వేలి గోరు కంటే కాస్త ఎక్కువ. అందుకే మా దగ్గర కొత్తవాడికి మొదటి వారం సైట్ లేదు. పాత సైట్లలో పీకిన జాక్‌ల మీద రోజంతా పంచింగే (తీగల్ని జాక్ గాళ్లలోకి నొక్కి దించడం). సాయంత్రం నేను కోసి పారేస్తా, మొదట్లో ఏడుపు మొహం పెడతారు.

రెండో వారం కావాలని తప్పు చేయిస్తా. ఒక కేబుల్ సరిగ్గా, ఒకటి మీవాడి వరసలో, ఒకటి రెండంగుళాలు మెలిక విప్పి. ఎల్‌ఈడీ టెస్టర్‌లో మూడూ పాస్. ఒక్క రోజుకి ఫ్లూక్ అద్దెకు తెచ్చి అవే మూడు పెడతా. ఆ తర్వాత లైట్లు వెలిగాయని ఎవడూ నాకు ఫోన్ చేయలేదు.

లాగడం కూడా నేర్పాలి. ఊర్లకు పోయేటప్పుడు బ్యాగు తూచే కొక్కెం తూకం ఉంటుంది కదా, దాన్ని కేబుల్ చివర కట్టి లాగమనండి. 11 కిలోలు దాటితే ఆపాలి. ఎలక్ట్రీషియన్ కుర్రాడు మామూలుగా లాగితేనే 20 చూపిస్తుంది!

చెనాయ్_ట్రేడ్_సెంటర్_పాతకాపు:
ప్రాక్టీస్‌కని చవక కేబుల్ బాక్స్ మాత్రం తేవద్దు. తీగను బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనబడితే అల్యూమినియం మీద రాగి పూత. ఇట్టే విరుగుతుంది, చెయ్యి తప్పు నేర్చుకుంటుంది. సైట్‌లో వేస్తే రెసిస్టెన్స్ ఎక్కువ, కేబుల్ మీదే పవర్ తీసుకునే కెమెరాలు పెడితే వేడెక్కుతుంది కూడా.

ఫైబర్_బాబు:
పెద్ద టెండర్ల మీద కన్నుంటే బిక్సీ (కేబులింగ్ రంగం వాళ్ల అంతర్జాతీయ సంఘం) ఇన్‌స్టాలర్ సర్టిఫికెట్ కూడా చూడండి. ఇన్‌స్టాలర్ 1 తర్వాత రాగికి వేరే, ఫైబర్‌కి వేరే ఉంటాయి. కానీ నేర్పినవాడు ఆర్నెల్లలో వేరే కాంట్రాక్టర్ దగ్గరికి పోతాడు, దానికీ సిద్ధంగా ఉండండి.

రాగితీగ:
పోతారు. నేనూ అలాగే వచ్చా.

కొండాపూర్_కేబులింగ్:
అడిగాను, 11 ఒక్కడే కొట్టాడు. "వరసగా బాగుంది కదా సార్" అన్నాడు. నిన్న రాత్రి అన్నీ కోసి మళ్లీ కొట్టాం, 10 పాస్. పదకొండోది 41 మీటర్ల దగ్గర ఏదో చూపిస్తోంది, లెక్కేస్తే సరిగ్గా ఏసీ డక్ట్ మలుపు. గట్టిగా లాగి మడత పెట్టినట్టున్నారు. శనివారం ఆ ఒక్క చోట సీలింగ్ విప్పుతాం. కొక్కెం తూకం కోఠిలో కొన్నాను.