అమ్మకు రొమ్ము క్యాన్సర్, రక్తంలో రాగి ఎక్కువ జింక్ తక్కువ వచ్చింది: బోరు నీళ్ల వల్లేనా?

మర్రిగూడ తమ్ముడు:
అన్నలూ అక్కలూ, మాది నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడ్డ మర్రిగూడ దగ్గర ఊరు. అమ్మకు రొమ్ములో గడ్డ తీశారు, ఇప్పుడు కీమో నడుస్తోంది. భగీరథ నీళ్లు రాకముందు మా ఇంట్లో అందరం బోరు నీళ్లే తాగాం, నాన్న నడుము వంచలేడు, అమ్మకు మోకాళ్లు పట్టేస్తాయి. బంధువు ఒకాయన చెబితే ఒక ల్యాబ్‌లో మెటల్స్ టెస్ట్ చేయించాం. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ నార్మల్‌లోనే ఉన్నాయి కానీ రాగి ఎక్కువ, జింక్ తక్కువ అని వచ్చింది. ఇప్పుడు ఇంకొకాయన జింక్, సెలీనియం మాత్రలు వాడాలని, లోహాలను బయటికి లాగే సెలైన్ ఎక్కించాలని, ఏదో భస్మం కూడా తినిపించాలని అంటున్నాడు. ఒకటే టెన్షన్. మా నీళ్లే అమ్మకు ఈ జబ్బు తెచ్చాయా?

పాలమూరు ల్యాబ్:
తమ్ముడూ, ముందు ఆ సెలైన్, భస్మం రెండూ ఆపండి. నేను ల్యాబ్‌లో పనిచేస్తా కాబట్టి రిపోర్టు సంగతే చెబుతా. రక్తంలో రాగి చాలావరకు సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని తిరుగుతుంది, ఒంట్లో వాపు ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా, గడ్డ ఉన్నా కాలేయం ఆ ప్రొటీన్ ఎక్కువగా తయారుచేస్తుంది, దాంతోపాటే రాగి అంకె పెరుగుతుంది. జింక్ దీనికి ఎదురు, జబ్బు చేసినప్పుడు రక్తం నుంచి కాలేయంలోకి పోతుంది, పైగా కీమోలో తిండి సహించక ఇంకా తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లలో రాగి ఎక్కువ, జింక్ తక్కువ అని చాలా అధ్యయనాల్లో కనిపించింది, కానీ జబ్బు వచ్చాక తీసిన రక్తం కాబట్టి జబ్బు వల్ల అంకె మారిందా, అంకె వల్ల జబ్బు వచ్చిందా అనేది ఆ అధ్యయనాలు తేల్చలేవు. మీ అమ్మ రిపోర్టు కూడా అంతే.

కాడ్మియం విషయం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ పరిశోధన చేసే ఐఏఆర్‌సీ దాన్ని క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి గ్రూపులో పెట్టింది, అయితే అది ముఖ్యంగా ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆధారాలతో. ల్యాబ్‌లో పెంచిన కణాల్లో అది ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌లా పనిచేస్తుందని చూశారు, కానీ మనుషుల్లో రొమ్ము క్యాన్సర్‌తో లింకు మీద ఫలితాలు ఒక్కతీరుగా లేవు. అది కిడ్నీల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, మనకు బీడీ, సిగరెట్ పొగ ద్వారా బాగా చేరుతుంది. ఇంట్లో ఎవరైనా బీడీ తాగితే అది మాన్పించడం ఈ టెస్టులన్నిటి కంటే మేలు.

సెలీనియం గురించి ఒక్కమాట. అమెరికాలో 35 వేలమందికి పైగా మగవాళ్ల మీద సెలెక్ట్ అనే పెద్ద ట్రయల్‌లో సెలీనియం మాత్రలు ఇచ్చి చూసి 2008లో ఆపేశారు, ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గలేదు. క్యాన్సర్‌కు సెలీనియం మంచిదని ఎవరైనా అంటే అది గుర్తుపెట్టుకోండి.

దేవరకొండ అక్క:
నేను ఇదే జబ్బుతో చికిత్స తీసుకున్నదాన్ని తమ్ముడూ. ఫ్లోరైడ్ అసలు లోహమే కాదు, మెటల్స్ టెస్టులో అది రాదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు ముప్పు, మన దిక్కున ఎంతమంది వంగిపోయారో చూస్తూనే పెరిగాం. కానీ దానివల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని తేలలేదు, కాబట్టి ఆ నీళ్లు తాగించామని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు, ఆ రోజుల్లో వేరే నీళ్లు ఎక్కడివి?

అయితే అమ్మ విషయంలో ఫ్లోరైడ్ వేరే చోట అడ్డం వస్తుంది, ఇది మీ క్యాన్సర్ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు, ముదిరిన ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి, బోన్ స్కాన్‌లో కూడా మామూలు కంటే ఎక్కువగా మెరుస్తాయి. అది చూసి జబ్బు ఎముకలకు పాకిందేమో అని పొరపాటు పడే వీలుంది, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన డాక్టరైతే మర్రిగూడ అనగానే ఆయనకు ఏమీ తట్టదు. ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగిందో, కీళ్లు ఎప్పటి నుంచి పట్టేశాయో రాసిచ్చి ఫైల్‌లో పెట్టించండి. పాత ఎక్స్‌రేలు ఉంటే పారేయకండి, పోల్చి చూడటానికి అవే పనికొస్తాయి.

మూసీ కాడి రైతు:
లోహాల భయం ఎక్కడ నిజమో చెప్తా అన్నా. హైదరాబాద్ మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు మోసుకొచ్చే మూసీ మా పొలాల మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, ఆ నీళ్లతో పండే ఆకుకూరల్లో, గడ్డిలో సీసం, కాడ్మియం లాంటివి బయటపడ్డాయి. పెద్దగట్టు, లంబాపూర్ దిక్కు నేలలో యురేనియం ఉంది. ఇంటికి ఇంకా బోరు వాడుతుంటే రక్తం కాదు, నీళ్లు టెస్ట్ చేయించండి. కాచితే ఫ్లోరైడ్ గానీ లోహం గానీ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

మర్రిగూడ తమ్ముడు:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. బోన్ స్కాన్ వచ్చే వారం ఉంది, అక్క చెప్పినవన్నీ రాసుకుని పోతా. జింక్ మాత్రలు మాత్రం అమ్మ ఇప్పటికే మొదలుపెట్టింది, ఆపాలా?

పాలమూరు ల్యాబ్:
కీమో ఇచ్చే డాక్టర్‌ను అడగకుండా కొనసాగించొద్దు. నిజంగా లోపం ఉంటే వాళ్లే లెక్కగా ఇస్తారు, ఎక్కువ రోజులు ఎక్కువ డోసులో వేసుకుంటే జింక్ రాగిని తగ్గించి రక్తహీనత తెస్తుంది, కీమోలో అసలే రక్తం తక్కువ పడుతుంది. లోహాలు లాగే సెలైన్ కాల్షియాన్ని కూడా లాగేస్తుంది, కిడ్నీల మీద పడుతుంది, సీసం నార్మల్ ఉన్న మనిషికి అది అవసరమే లేదు. ఇంకోటి, కొన్ని భస్మాల్లోనే పాదరసం, సీసం ఉంటాయి. ఇప్పటికే ఒకటి రెండు డోసులు తినిపించి ఉంటే దాచకుండా ఆ సీసా కూడా డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.