ట్యూన్ కుదిరింది, మాటకు అర్థం కుదరట్లేదు. ‘ఐ వాంట్ ఇట్ దట్ వే’కి కూడా ఇదే జరిగిందా?

అయిదుగొంతులు_తిరుపతి:

అన్నలూ, అక్కలూ, మా గొడవ ఒకటి మీరే తీర్చాలి. మేం అయిదుగురం, తిరుపతిలోనే ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రెండేళ్లుగా కాలేజీ ఫెస్టుల్లో సినిమా పాటలు కలిసి పాడుతున్నాం, ఈసారి సొంతంగా ఒక తెలుగు సింగిల్ చేసి విడుదల చేద్దామనుకున్నాం. బాలాజీ కాలనీలో మా వాడి మేడ మీద గదిలో ఒక రాత్రి గిటార్ పట్టుకుని కూర్చుంటే ట్యూన్ వచ్చేసింది. అది మర్చిపోకుండా ఉండాలంటే ఏదో ఒకటి అనాలి కదా, పల్లవి మీద ‘నీలా నాలా రాలేవా’ అని పాడేశాం. డమ్మీ మాటలే. కానీ అప్పట్నుంచి అవే నోట్లో తిరుగుతున్నాయి, మా అమ్మ కూడా వంట చేస్తూ అదే కూనిరాగం తీస్తోంది.

మాలో ఒకడు కవితలు రాస్తాడు, నిజంగా బాగా రాస్తాడు. ‘నీలా నాలా రావడం ఏంట్రా, ఎవరైనా అడిగితే ఏం చెప్తాం’ అని దాన్ని ‘నిన్ను మర్చిపోలేనే’ అని మార్చాడు. అర్థం సూటిగా ఉంది. పాడితే మాత్రం ట్యూన్‌లో ప్రాణం పోయింది, ఎందుకు పోయిందో చెప్పలేకపోతున్నాం. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు, మధ్యలో నేను. వారం నుంచి ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోవట్లేదు, స్కూల్ రోజుల నుంచి ఉన్న స్నేహం, చాలా బాధగా ఉంది.

బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పాట ‘ఐ వాంట్ ఇట్ దట్ వే’కి కూడా అచ్చం ఇలాగే జరిగిందని ఎవరో అన్నారు. నిజమేనా? ఆ పాట ఎలా చేశారు, ఎలా విడుదల చేశారు, తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కరకంబాడిరోడ్_రికార్డింగ్:

నిజమే తమ్ముడూ. నేను ఇక్కడే చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నాను, ఈ పాట నాకు పాఠం లాంటిది, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను.

బ్యాండ్ అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఒర్లాండోది, 1993లో మొదలైంది. ఈ పాట మాత్రం పుట్టింది స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లోని షెయిరాన్ స్టూడియోలో. రాసింది మాక్స్ మార్టిన్, ఆండ్రియాస్ కార్ల్‌సన్, ఇద్దరూ స్వీడన్ వాళ్లే. ప్రొడ్యూస్ చేసింది మాక్స్ మార్టిన్, క్రిస్టియన్ లుండిన్. 1998 నవంబర్‌లో రికార్డ్ చేశారు. ఆ నెల గురించి ఒక మాట చెప్పాలి. ఆ స్టూడియోని నిలబెట్టిన డెనిజ్ పాప్, మాక్స్ మార్టిన్‌కి గురువు లాంటివాడు, అదే ఏడాది ఆగస్టులో క్యాన్సర్‌తో పోయాడు, వయసు 35 ఏళ్లే. గురువు పోయిన మూడు నెలలకు అదే స్టూడియోలో కూర్చుని ఈ పాట చేశారు. ఆ మొదటి గిటార్ తీగలు విన్నప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.

ఇక మాటలు. రాసినవాళ్లది ఇంగ్లీషు మాతృభాష కాదు. వాళ్లకు ముందు ట్యూన్, ఆ ట్యూన్ మీద నోటికి హాయిగా పలికే శబ్దం, అర్థం ఆ తర్వాతే. అందుకే చరణంలో ‘నాకు అలాగే కావాలి’ అంటారు, పల్లవికి వచ్చేసరికి ‘ఆ మాట నీ నోట వినకూడదు’ అంటారు. ఏది కావాలి, ఏది వద్దు, తేలదు. ఇది సరిగా లేదని అర్థం కుదిరేలా ఇంకో వెర్షన్ రాసి, దాన్ని కూడా పూర్తిగా రికార్డ్ చేశారు. తర్వాత అది బయటికి కూడా వచ్చింది, వెతికితే దొరుకుతుంది. రెండూ విన్నాక బ్యాండ్ వాళ్లే పాత మాటలు కావాలన్నారు, మనందరం విన్నది అదే.

మీరు అయిదుగురూ ఒక పూట కూర్చుని రెండు వెర్షన్లూ పక్కపక్కన పెట్టి వినండి. వాదన వద్దు, వినండి చాలు. మన సినిమా పాటల్లో కూడా సంగీత దర్శకుడు లాలాలతో ట్యూన్ ఇస్తే కవి ఆ మీటర్‌కి రాయడమే ఎక్కువ. డమ్మీలో పడ్డ మాట ఒక్కోసారి అలాగే నిలిచిపోతుంది, అదేం తప్పు కాదు.

రికార్డింగ్ గురించి ఒక సలహా. ఆ పాటను బ్యాండ్‌లోని బ్రయన్ గొంతుతో మొదలుపెడతారు, పల్లవుల మధ్య వంతెనలా వచ్చే భాగంలో ఇంకో గాయకుడు కెవిన్ లోతు గొంతు వస్తుంది, పల్లవిలో అందరి గొంతులూ పొరలుగా వస్తాయి. ఎవరి గొంతు ఎక్కడ అనేది ముందే తేల్చుకోండి. పోయిన నెల ఒక కుర్రాళ్ల గుంపు వచ్చి అయిదుగురూ ఒకే మైక్ ముందు నిలబడి పాడారు. మిక్సింగ్‌లో ఏ గొంతు ఎవరిదో విడదీయలేక రెండు రాత్రులు నిద్ర లేదు నాకు. విడివిడిగా పాడండి, పల్లవి ఒక్కొక్కరు రెండేసి సార్లు పాడండి.

చిత్తూరు_కట్టమంచి:

ఏమప్పా, ఈ పాట పేరు చూస్తూనే ప్రాణం లేచొచ్చింది. 1999లో నేను చిత్తూరులో తెలుగు మీడియం, ఎనిమిదో తరగతి. ఎదురింటి వాళ్లకు కేబుల్ ఉండేది. సాయంత్రం వాళ్లింటి గడపలో కూర్చుని ఆ వీడియో కోసం కాచుకునేవాళ్లం. తెల్లబట్టలు వేసుకుని అయిదుగురు విమానం ముందు నడిచొస్తారే, అదంతా లాస్ ఏంజెలెస్ ఎయిర్‌పోర్టులో తీసినారని చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. అప్పుడు మాకు విమానం అంటే ఆకాశంలో పోయేదే, దగ్గరగా చూసింది లేదు. మా మామ వేలూరు నుంచి క్యాసెట్ తెచ్చిస్తే రీలు సాగిపోయేదాకా విన్నాం.

ఒక్క ముక్క అర్థం అయ్యేది కాదు. అయినా పల్లవి నోటికి వచ్చేసింది, వీధిలో క్రికెట్ ఆడుతూ అందరం ఒకేసారి అరిచేవాళ్లం. మేమేమో ఇంగ్లీషు రాకనే అర్థం కాలేదనుకున్నాం. ఇప్పుడు చూస్తే ఇంగ్లీషు వచ్చినోళ్లకూ అది తేలలేదంట! మాకు అందింది ఆ గొంతుల్లో ఉండే దిగులే, విడిపోతున్నారనేది మాత్రం ఎవరూ చెప్పకనే తెలిసేది. మీ ఫ్రెండుకు ఇది చూపించు తమ్ముడూ. మీ అమ్మ వంటింట్లో పాడతావుందంటే అంతకంటే ఏం కావాలప్పా.

గాత్రం_టీచర్:

బాబూ, ‘నిన్ను మర్చిపోలేనే’ పాడితే ప్రాణం ఎందుకు పోయిందో చెప్పగలను. నేను ఇక్కడి శ్రీ వెంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదువుకున్నాను, ఇప్పుడు ఇంట్లో పిల్లలకు గాత్రం నేర్పుతున్నాను.

మీ డమ్మీ మాట పలికి చూడు: నీ, లా, నా, లా, రా, లే, వా. ఏడు అక్షరాలు, ఏడూ దీర్ఘాలే. ఏ అక్షరం మీదైనా గొంతు నిలబెట్టవచ్చు. మీ స్నేహితుడిది కూడా ఏడే: నిన్, ను, మర్, చి, పో, లే, నే. లెక్క సరిపోయింది, కానీ మొదటి నాలుగింట్లో ఒక్క దీర్ఘమూ లేదు. ‘నిన్’ ఛందస్సులో గురువే, అందుకే కవికి అనుమానం రాలేదు. పాడేటప్పుడు మాత్రం పొడవు అంతా ‘న్’ మీద పడుతుంది, నోరు మూసుకుపోతుంది. ‘ను’ని సాగదీస్తే ‘నూ’ అవుతుంది, మాట చెడుతుంది. మీ స్నేహితుడికి రాయడం రాక కాదు, ఆయన కాగితానికి రాశారు, ట్యూన్ గొంతుకు పుట్టింది.

అయితే అర్థం అక్కర్లేదు అనే మాట నేను ఒప్పుకోను. మనం ఉన్న ఊరు చూడు. అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆయన ఎలా పాడుకున్నారో ఆ బాణీ మనకు చేరలేదు. మనం ఇప్పుడు పాడుకునే వరుసల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి వాళ్లు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. బాణీ పోయినా అయిదు వందల ఏళ్లు మాట నిలిచింది. కాబట్టి దీర్ఘాలు పోకుండా అర్థం వస్తుందేమో ఇంకోసారి చూడండి. ‘నీలా నాతో రాలేవా’ అంటే? ఒక్క అక్షరమే మారింది, ‘లా’ బదులు ‘తో’, అదీ దీర్ఘమే. నువ్వు నువ్వుగానే ఉండి నాతో రాకూడదా అని అర్థం వస్తుంది.

ఇంకొకటి. ఆ ఇంగ్లీషు పాటలో చివరి పల్లవి శ్రుతి పెరుగుతుంది, ఏ మేజర్ నుంచి బి మేజర్‌కి, అంటే మన లెక్కలో ఆరు శ్రుతి నుంచి ఏడుకు. మన కచేరీలో మొదటి నుంచి చివరిదాకా ఒకటే శ్రుతి కాబట్టి నాకు మొదట్లో అది వింతగా ఉండేది. ఇప్పుడు వింటే, అదే మాటను మూడోసారి చెప్తున్నప్పుడు గొంతు పెంచి బతిమాలినట్టు ఉంటుంది. మీ పాటలో చోటుంటే ప్రయత్నించండి.

పాటలరిలీజ్:

విడుదల గురించి ఎవరూ రాయలేదు, నేను క్లుప్తంగా. పాట 1999 ఏప్రిల్‌లో వదిలారు, ‘మిలీనియం’ ఆల్బమ్ మే 18న వచ్చింది. అమెరికాలో ఆ పాటను విడి సింగిల్‌గా షాపుల్లో అమ్మలేదు, రేడియోలకు మాత్రమే ఇచ్చారు. పాట కావాలంటే ఆల్బమ్ కొనాల్సిందే. షాపులో అమ్మని పాటకు కూడా అమెరికా పాటల ర్యాంకుల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో చోటిచ్చే మార్పు 1998 డిసెంబర్‌లోనే వచ్చింది కాబట్టి ఇది 6వ స్థానం దాకా వెళ్లింది. సింగిల్ అమ్మిన బ్రిటన్‌లో మొదటి స్థానం. ఆల్బమ్ అమెరికాలో మొదటి వారమే 11 లక్షల కాపీలు దాటింది, అప్పటికి అదే రికార్డు. అంటే రోజూ రేడియోలో వినిపించి, ఆకలి పుట్టించి, నెల తర్వాత అన్నం పెట్టారు.

మీకు షాపులు, క్యాసెట్లు లేవు కానీ ఆ వరుస పనికొస్తుంది. ముందు పల్లవి ఒక్కటే చిన్న వీడియోగా వదలండి, రెండు మూడు వారాలు జనం నోట్లో నానాక పూర్తి పాట వేయండి. ట్యూన్ ఎవరిది, మాటలు ఎవరివి అని పేర్లు, వాటాలు ఇప్పుడే కాగితం మీద రాసుకుని అయిదుగురూ సంతకం పెట్టండి. స్నేహితులు కాబట్టే పెట్టండి. ఆ ఇంగ్లీషు పాటకే తెలుగు మాటలు రాసి విడుదల చేద్దామనే ఆలోచన ఉంటే మాత్రం హక్కుదారుల అనుమతి లేకుండా చేయవద్దు.

అయిదుగొంతులు_తిరుపతి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇదంతా మా వాడికి చదివి వినిపించాను, ‘కాగితానికి రాశారు’ అన్న దగ్గర చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడే గిటార్ అందుకుని ‘నిన్’, ‘మర్’ మీద సాగదీసి చూసి, నిజమేరా అన్నాడు. నిన్న రాత్రి ఫోన్‌లోనే అన్ని వెర్షన్లూ రికార్డ్ చేసి విన్నాం. ‘నాతో’ అంటే అర్థం వస్తోంది కానీ ‘నీలా నాలా’లో ఉన్న ఊపు తగ్గుతోందని ఇద్దరికి అనిపించింది. అప్పుడు మా కవే అన్నాడు, మొదటి రెండు పల్లవులూ ‘నీలా నాలా’ అనే ఉంచుదాం, శ్రుతి పెరిగిన చివరి పల్లవిలో మాత్రం ‘నీలా నాతో’ అందాం అని. అలా పాడాక గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. చరణాలన్నీ వాడే రాస్తున్నాడు.

మేడం, ఒక్క సందేహం. మా మెయిన్ సింగర్‌కి ఏడు శ్రుతి అందట్లేదు, గొంతు పట్టేస్తోంది. అయిదులో మొదలుపెట్టి చివర్లో ఆరుకి వెళ్తే బాగుంటుందా?

గాత్రం_టీచర్:

బాగుంటుంది బాబూ. అయిదు నుంచి ఆరు కూడా అంతే దూరం. రికార్డింగ్ రోజు చివరి పల్లవి ముందు పాడించండి, గొంతు అలసిపోక ముందే.