‘త్రాసులో తూచగా నీవు తక్కువగా కనబడితివి’ – ఈ మాట ఎవరితో అన్నది?

కందుకూరు నుంచి ఒక తమ్ముడు నిన్న గ్రూపులో రెండు ప్రశ్నలు పెట్టాడు. బైబిల్లో దానియేలు గ్రంథం 5వ అధ్యాయంలో బబులోను రాజు బెల్షస్సరు విందు జరుగుతుండగా గోడ మీద ‘మెనే మెనే టెకేల్ ఉఫార్సీన్’ అని రాత కనబడింది కదా, యూదు ప్రవక్త దానియేలు దాని అర్థం విప్పేటప్పుడు చివరి మాట ‘పెరేస్’ అని ఎందుకు మారిపోయింది అన్నది మొదటిది. ఎన్నికల్లో ఓడిన నాయకుడి ఫొటో కింద ‘త్రాసులో తూచగా నీవు తక్కువగా కనబడితివి’ అని రాసి స్టేటస్‌లు పెడుతున్నారు, అలా వాడొచ్చా అన్నది రెండోది.

మొదటిది తేలిక. ఆ రాత అరామిక్ భాషలో ఉంది. ‘ఉ’ అంటే ‘మరియు’, చివర ‘ఈన్’ బహువచనం. ఆ రెండూ తీసేస్తే మిగిలేది పెరేస్. ముందు అచ్చు ఉంది కాబట్టి ‘ప’ మెత్తబడి ‘ఫ’ అయింది. దానియేలు దాన్ని ఏకవచనంలో పలికాడు, అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ మూడూ తూకాల పేర్లు. మెనే అంటే మినా, టెకేల్ అంటే షెకెలు, పెరేస్ అంటే అర మినా. బబులోను లెక్కలో 60 షెకెళ్లు ఒక మినా, సుమారు అరకిలో. నెల్లూరు రైతుకి పుట్టి అనగానే 850 కిలోలు మనసులో మెదులుతాయి చూడండి, అక్కడి వ్యాపారులకు ఇవీ అలా రోజూ నోట్లో నానే మాటలే. ‘మినా, మినా, షెకెలు, అర మినాలు’ అని గోడ మీద కనబడితే ఎవరికి మాత్రం ఏం అర్థమవుతుంది? రాజు పిలిపించిన పండితులంతా తెల్లమొహం వేయడానికి ఇదీ ఒక కారణమై ఉంటుందని నాకనిపిస్తుంది. దానియేలు ఆ పేర్లలోంచి క్రియలు తీశాడు: దేవుడు నీ రాజ్యాన్ని లెక్కపెట్టాడు, నిన్ను త్రాసులో తూచాడు, రాజ్యాన్ని విభజించి మాదీయులకు, పారసీకులకు ఇచ్చాడు. పెరేస్‌లో పారసీకుల పేరు కూడా వినబడుతుంది.

ఇక రెండో ప్రశ్న. నాకు మనసుకి పట్టేది ఇదే.

ఆ రాత్రి ఏం జరిగిందో ఒకసారి చూడండి. బెల్షస్సరు వెయ్యిమంది అధిపతులకు విందు చేశాడు. అతనికి ముందు ఏలిన నెబుకద్నెజరు రాజు యెరూషలేము ఆలయం నుంచి ఎత్తుకొచ్చిన బంగారు పాత్రలు తెప్పించి వాటిలో ద్రాక్షారసం తాగుతున్నారు. దీపస్తంభం ఎదురుగా గోడ పూత మీద చెయ్యి కనబడింది, రాస్తోంది. చెయ్యి తప్ప మనిషి లేడు. రాజు ముఖం పాలిపోయింది, మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

దానియేలు వచ్చీ రాగానే గోడ మీది రాత చదవలేదు. ముందు నెబుకద్నెజరు కథ చెప్పాడు. ఆ రాజు తన నగరు మీద తిరుగుతూ, ఈ మహా బబులోను నా బలంతో నేను కట్టించినది కాదా అనుకున్నాడు. ఆ మాట ఊరికే అన్నది కాదు. బబులోను శిథిలాల్లో అతని పేరు ముద్ర వేసిన ఇటుకలు వేలకు వేలు దొరికాయి. అంత రాజు మతి చెడి పశువులా గడ్డి మేశాడు, తర్వాత పరలోకం వైపు కళ్లెత్తి మళ్లీ మనిషయ్యాడు. ఇదంతా చెప్పాక బెల్షస్సరుతో దానియేలు అన్న మాట: ఈ సంగతియంతయు ‘ఎరిగియుండియు’ నీవు మనస్సు అణచుకోలేదు.

నా మటుకు ఆ అధ్యాయం బరువంతా ‘ఎరిగియుండియు’ మీదే ఉంది. తెలియక చేసినవాడికి గడువు దొరికింది. నెబుకద్నెజరుకు హెచ్చరికగా కల వచ్చాక 12 నెలలు టైమిచ్చాడు దేవుడు. నీనెవెకు 40 రోజులు. అక్కడి రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు, పట్టణం బతికింది. బెల్షస్సరుకు మాత్రం ఆ ఒక్క రాత్రే. తనకు ముందు ఏలిన రాజు కథ తెలిసి కూడా నేర్చుకోనివాడికి ఇంకేం చూపిస్తారు?

అందుకే ఈ వాక్యాన్ని ఓడినవాడి మీదికి విసరడం నాకు నచ్చదు. ఓట్ల లెక్క వేరు, దేవుని త్రాసు వేరు. గెలిచినవాడు ఆ త్రాసులో బరువు తూగాడని ఎవరు చెప్పారు? నెబుకద్నెజరు కల విన్నప్పుడు దానియేలు ఎలా ఉన్నాడో 4వ అధ్యాయం చదవండి. చాలాసేపు నోట మాట రాలేదు, ఈ కల నీ శత్రువులకు తగిలితే బాగుండును అన్నాడు. తనను చెరపట్టి తెచ్చిన రాజుతో! పైగా, నీతి పాటించు, బీదలకు కరుణ చూపు, అప్పుడు నీ క్షేమం నిలుస్తుందేమో అని సలహా ఇచ్చాడు. తీర్పు చెప్పేవాడికి ఆ కన్నీళ్లు ఉండాలి.

పొదిలి టీచరమ్మ: అన్నా, రాజు గర్వపడితే రాజుకి తీర్పు రావాలి. జనం ఏం చేశారు? రాజ్యమంతా ఎందుకు పోవాలి?

అక్కా, గట్టి ప్రశ్న అడిగారు. యెషయా 47 చూడండి, అక్కడ నేరం మోపింది బబులోను పట్టణం మీదే. ‘నేనే ఉన్నాను, నేను తప్ప మరి ఎవరూ లేరు’ అని ఆ పట్టణం తనలో తాను అనుకుంటోంది. ఆ అహంకారం ఎవరి మీద పడిందో కూడా అక్కడే ఉంది: చేతికి చిక్కిన జనం మీద జాలి లేదు, ముసలివాళ్ల మీద కూడా బరువైన కాడి మోపారు. కొల్లసొమ్ముతో ఊరు బాగుపడుతుంటే అందరూ తిన్నారు కదా. అయినా క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు సైన్యం నగరంలోకి యుద్ధం లేకుండానే వచ్చిందని బబులోను మట్టిపలకలే చెబుతున్నాయి. పోయింది పెత్తనం, ఊరు ఊరుగానే ఉంది.

ఇంకోటి, మన ఒంగోలు వైపు ఈ మాటలు మొదట ఎవరు విన్నారో గుర్తుచేసుకోండి. 1876-78 కరువులో క్లౌ దొర (అమెరికా బాప్టిస్టు మిషనరీ) బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు, ఊళ్లో అడుగు పెట్టనివ్వని జనం. ‘సింహాసనములనుండి బలవంతులను పడద్రోసి దీనుల నెక్కించెను’ అన్న మరియ పాట వాళ్ల చెవిన పడితే అది బెదిరింపులా వినబడుతుందా? తీర్పు అనే మాట కింద ఉన్నవాడికి ఊరట. మనం ఇప్పుడు ఏ మెట్టు మీద నిలబడి చదువుతున్నామో చూసుకోవాలి. ఆమోసు ప్రవక్త కూడా చుట్టుపక్కల దేశాలన్నిటి పాపం చెప్పి చెప్పి చివరికి తన సొంత జనమైన యూదా, ఇశ్రాయేలుల దగ్గరికే వచ్చాడు.

కందుకూరు తమ్ముడు: థాంక్స్ అన్నా. ఒక్క డౌటు. రాత చదివినవాడికి రాజ్యంలో ‘మూడో’ అధిపతి పదవి ఇస్తానన్నాడు రాజు. రెండోది ఎందుకు ఇవ్వలేదు?

మంచి పాయింటు పట్టావు తమ్ముడూ. అసలు రాజు బెల్షస్సరు తండ్రి నబోనిదు. కొడుకు అతని బదులు పాలిస్తున్నాడు, అంటే రెండోవాడు. ఇవ్వగలిగింది మూడోదే. ఆ అధ్యాయంలో నెబుకద్నెజరును బెల్షస్సరు ‘తండ్రి’ అనడం ముందు ఏలిన పెద్ద అన్న అర్థంలో. 1854లో ‘ఊర్’ అనే ప్రాచీన పట్టణపు తవ్వకాల్లో బయటపడిన నబోనిదు మట్టి శాసనంలో బెల్షస్సరు పేరుంది, కొడుకు కోసం తండ్రి చేసిన ప్రార్థనలో. ఇక దానియేలు ఆ కానుకలు నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. అయినా ఊదారంగు బట్ట కట్టి, మెడలో బంగారు గొలుసు వేసి చాటించారు. తెల్లారేలోపే ఆ పదవి ఇచ్చిన రాజు చచ్చిపోయాడు.