బిట్టు మార్చాక ‘జెడ్ ఎత్తు రీసెట్’: తెలుగులో ఏ మాట సరిపోతుంది?

సభ్యులందరికీ నమస్కారం. నేను బెంగళూరులోని పీణ్యాలో ఒక చిన్న చెక్కపని కార్ఖానాలో పని చూస్తున్నాను. మా సీఎన్‌సీ రూటరును (కంప్యూటరు ఆదేశాలతో చెక్కను కోసే యంత్రాన్ని) నడిపే కుర్రవాళ్ళు చాలావరకు చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చినవారు కాబట్టి, పని చేసే పద్ధతిని తెలుగులో రాసి గోడకు అంటించాను. అందులో నేను వాడిన ఒక మాట వల్ల మంచి టేకు పలక పాడైంది. ఆ మాటకు బదులు ఏది వాడాలో మీ అందరి సలహా కోరుతున్నాను.

నేను రాసిన వాక్యం ఇది: “బిట్టు మార్చిన తరువాత జెడ్ ఎత్తును పునరుద్ధరించవలెను.” బిట్టు అంటే యంత్రానికి బిగించే, చెక్కను కోసే పనిముట్టు. జెడ్ ఎత్తు అంటే దాని మొన ఎత్తును యంత్రం ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో చెప్పే విలువ. పునరుద్ధరించడమంటే పోయినదాన్ని మునుపటి స్థితికి తేవడం. పాత గుడిని పునరుద్ధరిస్తాం, ఆగిన కరెంటు సరఫరాను పునరుద్ధరిస్తారు. కుర్రవాడు ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా నమ్మి, ముందు బిట్టుకు దాచి ఉంచిన విలువనే కొత్త బిట్టుకూ ఎక్కించాడు. అతని తప్పేమీ లేదు. అక్కడ అక్కరకు రానిది సరిగ్గా ఆ పాత విలువే. బిట్టు మారినా స్పిండిల్ (బిట్టును తిప్పే ఇరుసు) నడిమి గీత మారదు కనుక ఎక్స్, వై (పొడవు, అడ్డం) విలువలు అలాగే పనికివస్తాయి. కానీ కాలెట్టులో (బిట్టును పట్టి ఉంచే భాగంలో) బిగించిన ప్రతి బిట్టూ ఒక్కో పొడవున బయటికి వస్తుంది, ఆ పొడవు మనం చెబితే తప్ప మా యంత్రానికి తెలియదు.

పలక మీద చెక్కవలసిన పేరు ‘ఆనంద నిలయం’. 6 మిల్లీమీటర్ల ఎండ్ మిల్ అనే బిట్టు‌తో చుట్టూ అంచు తీసిన తరువాత, అక్షరాల కోసం 90 డిగ్రీల వి బిట్టు (వి ఆకారపు మొన ఉన్నది) బిగించారు. అది పాతదానికన్నా 2 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నది. 90 డిగ్రీల మొన ఎంత లోతుకు దిగితే గీత దానికి రెట్టింపు వెడల్పవుతుంది కనుక, ప్రతి గీతా 4 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పున తెగింది. తలకట్లు అక్షరాలలో కలిసిపోయాయి. ‘నం’లోనూ ‘యం’లోనూ సున్నల నడుమ నిలవవలసిన చెక్క లేచిపోయి, రెండు గుంటలు మిగిలాయి.

నిజానికి చేయవలసిన పని చాలా తేలిక. చెక్క మీద ఒక కాగితం పరచి, స్పిండిల్ ఆపి ఉంచి, బిట్టు మొనను కొద్దికొద్దిగా దించుతూ కాగితాన్ని వేలితో కదుపుతూ ఉంటే, ఒక చోట కాగితం పట్టేస్తుంది. మామూలు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు కాబట్టి, ఆ కాస్తా లెక్కలో తీసుకొని అక్కడ సున్నా అని యంత్రానికి చెబుతాం. టచ్ ప్లేటు (మొన తాకగానే యంత్రానికి తెలిపే లోహపు పలక) ఉంటే, దాని మందాన్ని వెర్నియర్‌తో కొలిచి, మొన తాకినచోట ఆ మందాన్నే విలువగా ఇస్తాం.

ఈ పనికి నాకు తోచిన మాట ‘మట్టం’. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉందంటాం. అంటే దేని నుంచి కొలుస్తామో అదే మట్టం. వడ్రంగులకు మూలమట్టం, తాపీమేస్త్రులకు రసమట్టం ఎప్పటి నుంచో తెలుసు. పైగా ఇదే మాట కన్నడంలోనూ ఉంది కనుక, పక్క బల్ల మీద పనిచేసే కన్నడ కుర్రవాడికీ తెలుస్తుంది. “మట్టం పెట్టాలి” అని రాస్తే సరిపోతుందా?

స్పందన (చెన్నై, అంబత్తూరు నుంచి ఒక సభ్యురాలు):
అయ్యా, తమిళంలోనూ రసమట్టం ఉంది కానీ, ఇక్కడ ‘మట్టమాన’ అంటే నాసిరకమని కూడా అర్థం. అందువల్ల విడిగా ‘మట్టం’ అని రాయకుండా చెక్క పైభాగానికి ‘పైమట్టం’, చెక్కను ఉంచే యంత్రపు బల్లకు ‘బల్లమట్టం’ అని జంటగా వాడితే మంచిదని నా అభిప్రాయం. ‘సున్నా’ను కూడా వదలకండి, మా దగ్గర తెలుగువాళ్ళందరూ “జీరో పెట్టు” అనే అంటారు.

స్పందన (బెంగళూరులోనే ఉంటున్న కడప జిల్లా సభ్యుడు):
మా నాయన తాపీమేస్త్రి. “మట్టం చూడు” అంటే మా ఇంట్లో ఉన్నదాన్ని సరిచూడమనే అర్థం, కొత్తగా ఏర్పరచమని కాదు. “మట్టం పెట్టు” అని గబగబా అంటే ‘మట్టుపెట్టు’ లాగా వినబడుతుంది, దాని అర్థం అందరికీ తెలిసిందే. “మట్టం కుదిరింది” అని వాడుక ఉంది కనుక ‘కుదుర్చుకోవడం’ అనండి. మొన చెక్కను తాకడానికి ‘ఆనించడం’ చక్కటి మాట. గోడకు నిచ్చెన ఆనిస్తాం, గుచ్చం కదా.

మొదట అడిగిన సభ్యుని జవాబు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘ఆనించడం’ దొరకడం నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది, ఎందుకంటే ‘తాకించడం’ అని రాసి ఉంటే ఎంత గట్టిగా అన్న సందేహం మిగిలేది. అమ్మగారు చెప్పిన విభజన మా పనికి నిజంగా అవసరమైనది. మొదటి బిట్టు చెక్క పైభాగాన్నంతా చెక్కేసిన తరువాత రెండో బిట్టును ఆనించడానికి అక్కడ పాత పైమట్టం మిగలదు. అలాంటి పనికి మొదటి నుంచీ బల్లమట్టాన్నే ఆధారం చేసుకోవాలి. ‘సున్నా’ అంకెను చెబుతుంది, ‘మట్టం’ ఆ అంకె ఎక్కడ నిలబడుతుందో చెబుతుంది కాబట్టి రెంటినీ ఉంచుతున్నాను. గోడ మీద ఈ రోజు మార్చి అంటించిన వాక్యం ఇది:

“బిట్టు మారిస్తే పాత జెడ్ విలువ పనికిరాదు. పైమట్టమా, బల్లమట్టమా అన్నది ముందు పని కాగితంలో చూసి, కొత్త బిట్టు మొనను అక్కడ ఆనించి, సున్నాను కొత్తగా కుదుర్చుకోవాలి.”